మీ బ్రౌజరుకూ ఒక అటక ఉంది!

మీరు ఇంట్లోనే ఆవకాయ, మాగాయ పెట్టి అమ్ముతున్నారనుకోండి. చెల్లెలి కొడుకో, పక్కింటి ఇంజనీరింగు కుర్రాడో మీకొక చిన్న వెబ్‌సైటు తయారుచేసి పెట్టాడు. అందులో ధరల పట్టిక ఒక బొమ్మగా ఉంది. ఓ పక్క మామిడికాయ, ఇంకో పక్క ముత్యాల్లాంటి అక్షరాలు: కిలో ఆవకాయ 600 రూపాయలు. ఈ ఏడు నూనె ధర మండిపోయింది, కారం ధర అంతకన్నా ఘాటెక్కింది. మీరు 700 చేశారు. కొత్త పట్టిక గీయించి, పాతది తీసేసి, దాని స్థానంలో అదే పేరుతో పెట్టించారు. అక్కడితో పని అయిపోయిందనుకున్నారు.

రెండు రోజుల్లో ఫోను. మూడేళ్ళుగా మీ దగ్గరే కొంటున్న ఆవిడ. "అదేంటండీ, సైటులో 600 అనే ఉందిగా! నన్ను 700 అడుగుతున్నారేం?" మీరు చూస్తే 700. ఆవిడ చూస్తే 600. ఇద్దరూ చెప్పేది నిజమే. విచిత్రమేమిటంటే, నిన్న కొత్తగా సైటులోకి వచ్చినవాళ్ళకి సరైన ధరే కనిపిస్తోంది. నమ్మకంగా వస్తూపోతూ ఉన్న పాత ఖాతాదారులకే పాత ధర కనిపిస్తోంది. వాళ్ళ దగ్గరే మీ మాట పోతోంది!

దీనికి కారణం ఆవిడ ఫోనులో ఉంది. మన ఇళ్ళలో వంటింటి మీద అటక ఉన్నట్టే, ఇంటర్నెట్ చూపించే ప్రతి బ్రౌజరుకూ (క్రోమ్ కానివ్వండి, సఫారి కానివ్వండి, ఫైర్‌ఫాక్స్ కానివ్వండి) ఒక అటక ఉంటుంది. ఒకసారి తెచ్చుకున్న బొమ్మని పారేయకుండా అక్కడ పెట్టుకుంటుంది. మళ్ళీ కావలసివస్తే అక్కడి నుంచే తీసి చూపిస్తుంది. కంప్యూటరు వాళ్ళు దీన్ని 'క్యాష్' అంటారు. బీరువాలో ఉండే క్యాష్‌కీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. దాచిపెట్టడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది ఇది. తికమక లేకుండా మనం అటక అనే అందాం.

పేజీ ఒక్క ముక్కగా రాదు

మనం ఒక పేజీ తెరవగానే అదంతా ఒకే కాగితంలా వచ్చి పడుతుందనుకుంటాం. నిజానికి ముందు వచ్చేది అక్షరాలు, వాటి మధ్య కొన్ని చీటీలు. "ఇక్కడ ఫలానా చిరునామాలో ఉన్న బొమ్మ పెట్టు" అని ఒక్కొక్క చీటీలో ఉంటుంది. బ్రౌజరు ఆ చీటీలు పట్టుకుని ఒక్కొక్క బొమ్మ కోసం విడివిడిగా వెళుతుంది. శుభలేఖ చేతికొచ్చినా పెళ్ళికొచ్చేవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు వచ్చినట్టు, పేజీ వచ్చాక బొమ్మలు ఒకటొకటిగా దిగుతాయి.

అక్షరాల మధ్యనే బొమ్మలు చూపించే పద్ధతిని జనంలోకి తెచ్చింది 1993లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో తయారైన మొజాయిక్ అనే బ్రౌజరు. బొమ్మల కోసం ఆ చీటీ పద్ధతిని ప్రతిపాదించినవాడు అక్కడ పనిచేసిన మార్క్ ఆండ్రీసెన్. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. ఆ రోజుల్లో ఫోను తీగకి మోడెం తగిలించి కుయ్యిమనిపించిన వాళ్ళకి బొమ్మ విలువ బాగా తెలుసు. సెకనుకి 28.8 కిలోబిట్లు లాగే మోడెం మీద 60 కిలోబైట్ల చిన్న బొమ్మ దిగాలంటే, అంతా సవ్యంగా సాగితే 17 సెకన్లు. పై నుంచి కిందికి మెల్లగా తెర దించినట్టు దిగేది. ఒక సైటులో ఆరు పేజీలు చూశారనుకోండి, ఆరింటి నెత్తినా అదే గుర్తు బొమ్మ ఉంటే, అదొక్కదానికే సుమారు 100 సెకన్లు. అవతల ఫోను బిల్లు తిరుగుతూనే ఉంటుంది!

అందుకే 1994 డిసెంబరులో విడుదలైన నెట్‌స్కేప్ నావిగేటర్‌కే అటకలు అమర్చారు. ఒకటి కాదు, రెండు. ఇప్పటి బ్రౌజర్లలోనూ అంతే. వంట చేస్తున్నంతసేపూ గట్టు మీద చేతికందేలా పెట్టుకున్నట్టు, తెరిచి ఉన్న పేజీల బొమ్మలు కంప్యూటరు జ్ఞాపకశక్తిలో ఉంటాయి. పని ముగిస్తే గట్టు ఖాళీ. రేపటికీ ఎల్లుండికీ పనికొచ్చేవి మాత్రం డిస్కులో, అంటే అసలైన అటక మీద ఉంటాయి. ఫోను ఆపి మళ్ళీ వెలిగించినా అవి ఎక్కడికీ పోవు.

ఇప్పుడు తీగలు వేగంగా ఉన్నాయి కదా, ఇంకా ఈ అటక ఎందుకంటారేమో! తీగలు లావెక్కినట్టే బొమ్మలూ లావెక్కాయి. ఫోనుతో తీసిన ఒక్క ఫొటో రెండు మూడు మెగాబైట్లు ఉంటోంది. రోజుకి ఇంత అని లెక్కగట్టి ఇచ్చే డేటా ప్యాక్ మీద, సిగ్నలు అందీ అందని పల్లెలో, తెచ్చిన బొమ్మనే పదిసార్లు తెచ్చుకోవడం ఎవరికి సరదా?

ముఖం చూడదు, చిరునామా చూస్తుంది

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోండి. బ్రౌజరు ఏ బొమ్మనీ ముఖం చూసి గుర్తుపట్టదు. చిరునామా చూసి గుర్తుపడుతుంది.

ఒక వంటల పేజీ తీసుకోండి. ఇరవై వంటలు, ఒక్కొక్క దానికి ఐదేసి నక్షత్రాలు. మొత్తం నూరు నక్షత్రాలు. బ్రౌజరు నూరుసార్లు పరుగెడుతుందా? వెళ్ళదు. నూరు చీటీల మీదా ఒకే చిరునామా ఉంటే ఒక్కసారి తెచ్చి, ముగ్గు అచ్చు వేసినట్టు నూరు చోట్లా అదే వేస్తుంది. ఒకే పేజీలోనే కాదు, ఆ సైటులో మీరు తరువాత తెరిచే పేజీల్లోనూ అదే వాడుకుంటుంది.

ఇప్పుడు దీన్ని తిరగేయండి. ఒకే గుత్తివంకాయ ఫొటోని ఒకచోట 'వంకాయ' అనీ, ఇంకోచోట 'వంకాయ-కొత్తది' అనీ రెండు పేర్లతో పెడితే? చుక్క తేడా లేని ఫొటోయే అయినా బ్రౌజరుకి అవి ఇద్దరు వేరువేరు మనుషులు. రెండుసార్లు తెస్తుంది, అటక మీద రెండు చోట్లు ఆక్రమిస్తుంది. కవల పిల్లలైనా ఇంటి నంబర్లు వేరైతే పోస్టుమాన్‌కి ఇద్దరే కదా!

ఇంకో తిరగేత మన ఆవకాయ తగువు. చిరునామా అదే, ముఖం మారింది. 600 ఉన్న చోట 700 వచ్చింది. అటక మీద ఆ చిరునామాతో ఒక బొమ్మ ఉండనే ఉంది కాబట్టి బ్రౌజరు గడప దాటలేదు. పాతదే తీసి చూపించింది.

ఎన్నాళ్ళు నిలవ?

మరి అటక మీది బొమ్మ పాతబడిందని బ్రౌజరు ఎప్పటికి తెలుసుకుంటుంది? పచ్చడి సీసా మీద తేదీ వేసినట్టు, బొమ్మ పంపేటప్పుడే సైటు వాళ్ళ కంప్యూటరు (దాన్ని సర్వరు అంటారు) గడువు రాసి పంపవచ్చు. ఈ గడువు సెకన్లలో రాస్తారు. 86400 అని రాస్తే ఒక రోజు. 31536000 అని రాస్తే సరిగ్గా ఏడాది. ఆ గడువు లోపల బ్రౌజరు సర్వరు మొహమైనా చూడనక్కరలేదు.

గడువు దాటితే వెంటనే పారేస్తుందా? అదీ లేదు. ఇక్కడి ఏర్పాటు చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది. పిల్లాడికి డబ్బిచ్చి కొట్టుకి పంపేముందు మనం "ముందు ధర మారిందేమో కనుక్కుని రారా" అంటామే, అలా బ్రౌజరు సర్వరుని అడుగుతుంది: "నా దగ్గర ఫలానా తేదీ నాటి బొమ్మ ఉంది. ఆ తరువాత మార్చారా?" మార్చకపోతే సర్వరు బొమ్మ పంపదు. 304 అనే అంకెతో చిన్న జవాబు పంపుతుంది. 'ఏమీ మారలేదు' అని దానర్థం. రెండు మెగాబైట్ల బొమ్మ బదులు చిటికెడు అక్షరాలతో పని గడిచిపోతుంది. తేదీకి బదులు బొమ్మకొక ముద్ర వేసి, ఆ ముద్రతో పోల్చుకునే పద్ధతీ ఉంది. తేదీ అడిగే మర్యాద 1996 నాటి నియమావళిలోనే ఉంది. ముద్రలు, సెకన్ల గడువులు 1997 జనవరిలో వచ్చిన దానిలో చేరాయి. 2022 జూనులో వీటన్నిటినీ మళ్ళీ శుభ్రంగా తిరగరాశారు.

అసలు చిక్కు సర్వరు ఏ గడువూ రాయనప్పుడు. చిన్న చిన్న సైటుల్లో ఇది మామూలే. అప్పుడు బ్రౌజరే ఊహించుకుంటుంది. బొమ్మ చివరిసారి మారి ఎన్నాళ్ళయిందో చూసి, అందులో పదో వంతు కాలం నమ్మవచ్చని నియమావళి సలహా. మీ ధరల పట్టిక 50 రోజులుగా మారకుండా ఉందనుకోండి, తెచ్చుకున్న దగ్గర నుంచి ఇంకో 5 రోజులు అడగకుండానే చూపించవచ్చు. ఎన్నాళ్ళుగానో నిలకడగా ఉన్నది ఇప్పట్లో మారదులే అన్న లెక్క. మనుషుల విషయంలోలాగే ఈ లెక్క అప్పుడప్పుడూ తప్పుతుంది.

అన్నట్టు, సర్వరు రాసే ఆజ్ఞల్లో 'నో క్యాష్' అని ఒకటుంది. అటక ఎక్కించవద్దని కాబోలు అనుకుంటాం. కానే కాదు! దాచుకో, కానీ ప్రతిసారీ నన్నడిగి వాడు అని దాని అర్థం. అసలు దాచనే వద్దని చెప్పాలంటే 'నో స్టోర్' అని వేరే మాట ఉంది. బ్యాంకు కాగితాల్లాంటి వాటికి అది వాడాలి. ఈ పేర్లు పెట్టినవాళ్ళు కాస్త ఆలోచించి పెట్టవలసింది.

పేరు మార్చి చూడండి

ఆవకాయ తగువుకి మందు మీకీపాటికి తట్టే ఉంటుంది. చిరునామాని బట్టే గుర్తుపడుతుందన్నాం కదా, చిరునామా మార్చేస్తే సరి! కొత్త పట్టికని 'ధరలు' అనే పాత పేరుతో కాకుండా 'ధరలు-ఏప్రిల్' అని పెట్టించండి. పేజీలో ఉన్న చీటీని కూడా ఆ కొత్త పేరుకే దిద్దించండి. బ్రౌజరు అటక మీద వెతుకుతుంది, ఆ పేరుతో ఏదీ ఉండదు, నోరు మూసుకుని వెళ్ళి కొత్తది తెస్తుంది. పెద్ద పెద్ద సైటుల వాళ్ళు చేసేదీ ఇదే. బొమ్మలకి ఏడాది గడువు ధైర్యంగా రాసేస్తారు, మార్చాలనుకున్నప్పుడల్లా పేరు మారుస్తారు. పేరు చివర ఒక ప్రశ్నార్థకం, దాని పక్కన ఒక అంకె తగిలించే పద్ధతి కూడా ఉంది. అంకె మారితే బ్రౌజరు దృష్టిలో చిరునామా మారినట్టే. అయితే బొమ్మలున్న పేజీకి మాత్రం పొడుగు గడువు పెట్టకూడదు. పేజీయే పాతదైతే అందులో చీటీలూ పాతవే ఉంటాయి కదా! సైటు తయారుచేసిన కుర్రాడిని ఈ రెండు మాటలూ అడిగి చూడండి. తెలిసినవాడైతే పావుగంట పని.

ఇంకా మంచి ఉపాయం చెప్పనా? ధరని బొమ్మలో రాయకండి. మామిడికాయ బొమ్మ ఎంత అందంగానైనా వేయించుకోండి. అంకెలు మాత్రం పేజీలో అక్షరాలుగా ఉండనివ్వండి. చూపు సరిగా లేనివాళ్ళకి ఫోను చదివి వినిపించేది అక్షరాలనే. బొమ్మలో ఉన్న ధర వాళ్ళకి చాలాసార్లు అందదు కూడా.

"ఇదంతా ఎందుకు, ఖాతాదారులనే ఒకసారి రిఫ్రెష్ చేయమంటే పోలా?" అంటారా? అన్నిసార్లూ పోదు. మామూలుగా రిఫ్రెష్ చేస్తే క్రోమ్ పేజీ గురించి మాత్రమే సర్వరుని అడుగుతుంది. గడువు ఉన్న బొమ్మల జోలికి పోదు. వేగం కోసం ఈ మార్పు చేశామని 2017 జనవరిలో గూగుల్ చెప్పింది. విండోస్ కంప్యూటరులో అయితే కంట్రోల్ మీట నొక్కి పట్టుకుని ఎఫ్5 నొక్కితే అటకని పక్కనబెట్టి అన్నీ కొత్తగా తెస్తుంది. ఫోనులో అంత తేలికైన మీట లేదు. పైగా, డబ్బిచ్చి కొనుక్కునే మనిషికి మీట ఎలా నొక్కాలో నేర్పడం ఏం మర్యాద? సర్దుకోవలసింది అమ్మేవాళ్ళే.

అటక చూసి ఆరాలు తీసేవాళ్ళు

ఇంతవరకూ లాభనష్టాల కబురు. ఇక కొంచెం గంభీరమైన సంగతి.

మీ ఇంటి అటక మీద ఏముందో చూస్తే ఎవరికైనా మీ సంగతులు కొన్ని తెలిసిపోతాయి. ఉయ్యాల ఉంటే ఇంట్లో పసివాళ్ళు పెరిగారని తెలుస్తుంది. బ్రౌజరు అటకా అంతే. దాన్ని దూరం నుంచే తడిమి చూడవచ్చని 2000 సంవత్సరంలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ ఫెల్టన్, మైఖేల్ ష్నైడర్ చూపించారు. కిటుకు ఇది. మీరు ఏదో ఒక ఆటల సైటు తెరుస్తారు. ఆ పేజీలో మీకు కనిపించకుండా, సంతానం కలగని వాళ్ళకి సలహాలిచ్చే ఒక ఆస్పత్రి సైటు గుర్తు బొమ్మని తెమ్మని చీటీ పెడతారు. ఎంతసేపట్లో వచ్చిందో లెక్కపెడతారు. ఆలస్యమైతే దూరం నుంచి వచ్చినట్టు. చిటికెలో వస్తే అటక మీది నుంచి వచ్చినట్టు, అంటే మీరు అంతకుముందే ఆ ఆస్పత్రి సైటుకి వెళ్ళినట్టు! ఎవరితోనూ చెప్పుకోలేక రాత్రిపూట ఒంటరిగా వెతుక్కున్న విషయం ముక్కూమొహం తెలియనివాడికి తెలిసిపోతుందన్నమాట.

దీనికి విరుగుడుగా బ్రౌజర్ల వాళ్ళు అటకలో అరలు కట్టారు. ఆస్పత్రి సైటులో ఉన్నప్పుడు తెచ్చిన బొమ్మ ఆస్పత్రి అరలోనే ఉంటుంది. ఆటల సైటు అడిగితే అదే బొమ్మైనా సరే, దాని అర కోసం మళ్ళీ మొదటి నుంచి తెస్తుంది. కాబట్టి చిటికెలో రావడమనేది ఉండదు. సఫారి ఈ పని 2013లోనే చేసింది. క్రోమ్ 2020 అక్టోబరులో, ఫైర్‌ఫాక్స్ 2021 జనవరిలో చేశాయి. దీనివల్ల పది సైటులు వాడుకునే ఒకే బొమ్మ పదిసార్లు దిగుతుంది. డేటా కొంత దండుగే. అయినా గుట్టు కాపాడుకోవడానికి ఆ మాత్రం ఖర్చు పెట్టవలసిందేనని నా అభిప్రాయం. ఇరవై ఏళ్ళు పట్టడమే బాగాలేదు.

దూరం వాళ్ళ సంగతి అలా ఉంచండి. ఇంట్లో ఒకే ఫోను నలుగురు వాడుతుంటారు. ఏ ఆరోగ్య సమస్య గురించో, ఏ చట్టం గురించో చదువుకుని, తరువాత చరిత్ర జాబితాలోకి వెళ్ళి ఆ ఒక్క వరుసా చెరిపేస్తే అంతా పోయిందనుకోకండి. వరుస చెరిగింది కానీ ఆ పేజీ బొమ్మలు అటక మీదే ఉండిపోవచ్చు. కాస్త పనితనం తెలిసినవాళ్ళు వెతికి బయటికి తీయగలరు. మొదటే ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి చదువుకోవడం మేలు. అందులో తెచ్చిన బొమ్మలు గట్టు మీదే ఉంటాయి, అటక ఎక్కవు. అలాంటి కిటికీలన్నీ మూసేయగానే పోతాయి. అన్నీ మూయాలి సుమా, ఒక్కటి తెరిచి ఉన్నా పోవు. మీరు కావాలని డౌన్‌లోడ్ చేసుకున్న ఫొటోలు మాత్రం ఫోనులోనే ఉంటాయి. నెట్ కనెక్షను ఇచ్చినవాళ్ళకి మీరు ఏ సైటుకి వెళ్ళారో తెలిసే అవకాశం కూడా అలాగే ఉంటుంది.

దులిపేటప్పుడు జాగ్రత్త

అటక దులపాలంటే ఆండ్రాయిడ్ ఫోను క్రోమ్‌లో కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కి, బ్రౌజింగ్ డేటా తొలగించే చోటికి వెళ్ళండి. అక్కడ వేరువేరు గళ్ళు ఉంటాయి. చరిత్రకి ఒకటి, కుకీలకి ఒకటి, బొమ్మలూ ఫైళ్ళకి ఒకటి, సంకేత పదాలకి ఇంకొకటి. కంగారులో అన్నిటికీ టిక్కు పెట్టేయకండి. కుకీలు పోతే ప్రతి సైటూ మళ్ళీ "మీరెవరు?" అని అడుగుతుంది. సంకేత పదాలు పోతే వాటిని గుర్తుచేసుకునే పని మీదే. పాత బొమ్మ తగువు తీరాలంటే బొమ్మలూ ఫైళ్ళ గడి ఒక్కటీ చాలు. దాంతో మీ గ్యాలరీలో ఉన్న మనవడి ఫొటోలకి ఏమీ కాదు, భయపడకండి. అటక మీదున్నవి సైటుల నుంచి తెచ్చుకున్న నకళ్ళే.

ఫోను నెమ్మదించిందని రోజూ దులిపేవాళ్ళూ ఉన్నారు. దులిపిన మరునిమిషం నుంచి అదే బొమ్మల్ని మళ్ళీ డేటా పోసి తెచ్చుకోవలసిందే. సైటులు ఇంకా నెమ్మదిగా తెరుచుకుంటాయి. అటక నిండిపోతే ఏళ్ళ తరబడి ముట్టుకోని సామాను మనం తీసేసినట్టు, బ్రౌజరు తనంతట తానే ఎక్కువకాలంగా వాడని వాటిని తీసేస్తూ ఉంటుంది. దానికి మీ సాయం అక్కరలేదు. ఫోనులో మరీ చోటు లేనప్పుడో, ఒక సైటు ఎంతకీ పాతదే చూపిస్తున్నప్పుడో, ఫోను వేరేవాళ్ళ చేతికిస్తున్నప్పుడో దులిపితే చాలు.

ఇంకొక్క మాట. ఫోను సెట్టింగులలో ఒక్కొక్క యాప్‌కీ 'క్లియర్ క్యాష్', 'క్లియర్ స్టోరేజ్' అని రెండు మీటలు పక్కపక్కనే ఉంటాయి. కొన్ని ఫోన్లలో రెండోదాన్ని 'క్లియర్ డేటా' అంటారు. మొదటిది అటక దులపడం. రెండోది ఇల్లు ఖాళీ చేయించడం! వాట్సాప్ మీద అది నొక్కితే మళ్ళీ మొదటి నుంచి నంబరు ఇచ్చి లోపలికి రావాలి. బ్యాకప్ తీసి ఉంచకపోతే పాత కబుర్లు తిరిగి రావు. నొక్కేముందు కళ్ళజోడు పెట్టుకుని రెండో మాట ఏముందో చదవండి.